రాష్ట్రపతి వారం ఎలా గడుస్తుంది? భేటీలు, సంతకాలు, పర్యటనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

భారత రాష్ట్రపతి రోజువారీ విధుల గురించి పాఠకులు అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. పోటీ పరీక్షల అభ్యర్థులు, రాష్ట్రపతి భవన్ చూడటానికి వెళ్లేవారు, వినతిపత్రం పంపి జవాబు కోసం ఎదురుచూసేవారు తిప్పి తిప్పి అవే ప్రశ్నలు వేస్తున్నందున వాటినన్నిటినీ ఒక చోట చేర్చాము. టీవీలో కనిపించేది ఈ పదవిలోని వేడుకల భాగం మాత్రమే. కాగితాల మీద జరిగే పని దాని వెనుక ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ప్రతి జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది.

## వారం మొదలయ్యే ముందు

రాష్ట్రపతికి ప్రతి వారం ఒకే టైంటేబుల్ ఉంటుందా?

ఉండదు. ఏ రోజు ఏ పని చేయాలో చెప్పే నిబంధన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. బ్రిటన్‌లో ప్రధానమంత్రి వారానికోసారి, సాధారణంగా బుధవారం నాడు, రాజును కలిసే ఆనవాయితీ ఉంది. మన దేశంలో అలాంటి వారపు కట్టుబాటు ఏర్పడలేదు. ఇక్కడ స్థిరంగా ఉండేవి సంవత్సరంలోని కొన్ని తేదీలు. జనవరి 25 రాత్రి జాతినుద్దేశించిన ప్రసంగం, 26న కర్తవ్య పథ్‌లో జెండా వందనం, 29న విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ అనే సైనిక బ్యాండ్ల వేడుక, బడ్జెట్ సమావేశాల తొలి రోజున పార్లమెంటులో ప్రసంగం, ఆగస్టు 14 సాయంత్రం మరో ప్రసంగం, సెప్టెంబరు 5న ఉపాధ్యాయ పురస్కారాలు అలాంటివి. మిగిలిన వారాలను వీటి మధ్య ఖాళీలో సర్దుకుంటారు. విదేశీ అతిథి రాక, మంత్రివర్గ విస్తరణ, ఒక రాష్ట్రంలో రాజకీయ సంక్షోభం వంటి వాటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆ సర్దుబాటు మారిపోతుంది.

ఈ పట్టికను ఎవరు తయారు చేస్తారు?

రాష్ట్రపతి సచివాలయం తయారు చేస్తుంది. పాలనా వ్యవహారాలు, ఫైళ్లు, ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు రాష్ట్రపతి కార్యదర్శి ద్వారా నడుస్తాయి. వేడుకలు, ప్రయాణాలు, భవన నిర్వహణ వంటివి మేజర్ జనరల్ హోదాలో ఉండే సైనిక కార్యదర్శి చూస్తారు. పత్రికలకు వెళ్లే సమాచారం ప్రెస్ కార్యదర్శి బాధ్యత. బహిరంగ కార్యక్రమాల్లో రాష్ట్రపతి వెనుక యూనిఫారంలో నిలబడేవారు ఏడీసీలు, అంటే సహాయకులుగా ఉండే సైనికాధికారులు. వీరు అయిదుగురు, అందులో ముగ్గురు సైన్యం నుంచి, ఒకరు నౌకాదళం నుంచి, ఒకరు వైమానిక దళం నుంచి వస్తారు. ఆహ్వానాలు వందల్లో వస్తాయి, వాటిలో దేనికి వెళ్లాలన్న చివరి మాట రాష్ట్రపతిదే.

ప్రభుత్వం చెప్పిన చోటికే రాష్ట్రపతి వెళ్లాలా, తన ఇష్టం ఏమీ ఉండదా?

రాజ్యాధికారానికి సంబంధించిన ప్రతి పనిలో మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 74వ అధికరణం చెబుతుంది. 1976 నాటి 42వ సవరణ ఈ సంగతిని స్పష్టంగా రాసింది. సలహాను పునఃపరిశీలనకు ఒకసారి తిప్పి పంపే వెసులుబాటును 1978 నాటి 44వ సవరణ ఇచ్చింది. విదేశీ పర్యటనలు ఎటూ ప్రభుత్వం నిర్ణయించేవే. అయితే ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లాలి, ఏ సంస్థ వార్షికోత్సవంలో మాట్లాడాలి, ఎవరిని పిలిపించుకుని కలవాలి అన్న విషయాల్లో రాష్ట్రపతి అభిరుచికి చాలా చోటు ఉంటుంది. 1951 మే నెలలో ప్రధాని నెహ్రూ అభ్యంతరం చెప్పినా తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ సోమనాథ్ ఆలయ కార్యక్రమానికి వెళ్లారు. ఎక్కడికి వెళ్తున్నారన్నది చూస్తే ఆ రాష్ట్రపతి మనసు దేని మీద ఉందో తెలుస్తుంది.

రేపు రాష్ట్రపతి ఎక్కడ ఉంటారో ముందుగా తెలుసుకోవచ్చా?

బహిరంగ కార్యక్రమాల మేరకు తెలుసుకోవచ్చు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా రాష్ట్రంలో పర్యటన అని ఒకటి రెండు రోజుల ముందు రాష్ట్రపతి భవన్, పత్రికా సమాచార కార్యాలయం ప్రకటన ఇస్తాయి. కార్యక్రమం ముగిశాక ప్రసంగ పాఠం, ఛాయాచిత్రాలు వెబ్‌సైట్‌లో ఉంచుతారు. కాన్వాయ్ ఏ దారిన వెళ్తుందో, కచ్చితంగా ఎన్ని గంటలకు బయలుదేరుతుందో భద్రతా కారణాల వల్ల చెప్పరు. ట్రాఫిక్ మళ్లింపుల కోసం స్థానిక పోలీసుల ప్రకటన చూసుకోవడమే మార్గం.

## ఢిల్లీలో ఉండే రోజులు

ప్రధానమంత్రి ప్రతి వారం వచ్చి రాష్ట్రపతిని కలవాలా?

అలాంటి నియమం లేదు. మంత్రిమండలి నిర్ణయాలను రాష్ట్రపతికి తెలియజేయడం, రాష్ట్రపతి అడిగిన సమాచారం ఇవ్వడం ప్రధాని విధి అని 78వ అధికరణం అంటుంది. ఆ సమాచారం స్వయంగా వచ్చి చెప్పాలా, కాగితం మీద పంపాలా, ఎన్ని రోజులకోసారి పంపాలా అన్నది అందులో లేదు. విదేశీ పర్యటన నుంచి తిరిగొచ్చాక ప్రధాని రాష్ట్రపతిని కలిసి విశేషాలు చెప్పడం మర్యాదగా సాగుతూ వచ్చింది. కానీ అది ఇద్దరు వ్యక్తుల మధ్య సఖ్యతపై ఆధారపడిన మర్యాద. తనకు సమాచారం సరిగా అందడం లేదని అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ 1987లో ప్రధాని రాజీవ్ గాంధీకి లేఖ రాయడంతో పెద్ద దుమారం రేగింది. వారానికోసారి కలవాలన్న నియమం ఉండి ఉంటే ఆ లేఖ అవసరమే పడేది కాదేమో!

కేబినెట్ సమావేశాలకు రాష్ట్రపతి అధ్యక్షత వహిస్తారా?

లేదు. కేబినెట్‌కు ప్రధాని అధ్యక్షత వహిస్తారు. రాష్ట్రపతి ఆ సమావేశంలో కూర్చోరు. నిర్ణయం సలహా రూపంలో రాష్ట్రపతికి చేరుతుంది.

రాయబారులు అధికార పత్రాలు ఇవ్వడం అంటే ఏమిటి? దానికి రాష్ట్రపతి సమయం ఎందుకు?

ఒక దేశాధినేత తన దూతను మరో దేశాధినేత వద్దకు పంపుతూ ఇచ్చే లేఖలే ఆ పత్రాలు. మన దేశాధినేత రాష్ట్రపతి కాబట్టి వాటిని ప్రధానో, విదేశాంగ మంత్రో అందుకుంటే చాలదు. సాధారణంగా ఒకే రోజున నాలుగైదు దేశాల రాయబారులను వరుసగా పిలుస్తారు. ఒక్కొక్కరూ విడిగా పత్రాలు సమర్పిస్తారు. 2024 జులైలో దర్బార్ హాలు గణతంత్ర మండపంగా, అశోకా హాలు అశోక మండపంగా పేరు మారాయి. ఈ కార్యక్రమం జరిగేది ఇలాంటి మందిరాల్లోనే. చూడటానికి నిమిషాల తంతులా ఉంటుంది. అయితే పత్రాలు సమర్పించాకే రాయబారి తన విధులను పూర్తి స్థాయిలో నిర్వర్తించగలుగుతారు. దీన్ని వారాల తరబడి వాయిదా వేయడానికి కుదరకపోవడానికి కారణం అదే.

విదేశీ అధినేతతో చర్చలన్నీ ప్రధానే జరుపుతారు కదా, రాష్ట్రపతి చేసేదేమిటి?

ఆతిథ్యం రాష్ట్రపతిది, బేరసారాలు ప్రధానివి అనుకుంటే చాలావరకు సరిపోతుంది. పూర్తి స్థాయి అధికార పర్యటనలో ఉదయం రాష్ట్రపతి భవన్ ముంగిట స్వాగతం, త్రివిధ దళాల గౌరవ వందనం, దేశాధినేత అయితే 21 తుపాకుల వందనం ఉంటాయి. అతిథి అక్కడి నుంచి రాజ్‌ఘాట్‌కు, ఆ తరువాత చర్చల కోసం హైదరాబాద్ హౌస్‌కు వెళ్తారు. ఢిల్లీలో ఉన్నా ఆ భవనం మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం బ్రిటిష్ వాస్తుశిల్పి లుట్యెన్స్ రూపకల్పన చేసినదే. సాయంత్రం రాష్ట్రపతితో భేటీ, రాత్రి విందు. రాష్ట్రపతి భవన్‌లోని విందుశాలలో 104 మంది కూర్చోవచ్చు. విందుకు ముందు ఇద్దరు అధినేతలూ క్లుప్తంగా ప్రసంగించడం ఆనవాయితీ. ఇలాంటి అతిథి వచ్చిన వారంలో రాష్ట్రపతికి ఆ ఒక్క రోజు పూర్తిగా పోతుంది, ముందు రోజు సన్నాహాలకు కొంత పోతుంది.

మంత్రులు, న్యాయమూర్తులు, ఎంపీలు అందరితోనూ రాష్ట్రపతే ప్రమాణం చేయించాలా?

ప్రధాని, కేంద్ర మంత్రులతో రాష్ట్రపతి స్వయంగా చేయిస్తారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విషయంలో రాష్ట్రపతి గానీ, ఆయన నియమించిన మరొకరు గానీ చేయించవచ్చు. ఆచరణలో ప్రధాన న్యాయమూర్తితో రాష్ట్రపతి, మిగిలిన న్యాయమూర్తులతో ప్రధాన న్యాయమూర్తి చేయిస్తున్నారు. లోక్‌సభకు ఎన్నికైనవారి కోసం రాష్ట్రపతి ముందుగా ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్‌తో ప్రమాణం చేయిస్తే, సభ్యుల సంగతి ఆ స్పీకర్ చూసుకుంటారు. గవర్నర్లతో సంబంధిత హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చేయిస్తారు. రాష్ట్రపతితో ప్రమాణం చేయించేది సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 2021 ఏప్రిల్ 24న రామ్‌నాథ్ కోవింద్ సమక్షంలో ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేసిన జస్టిస్ ఎన్.వి.రమణ, 2022 జులై 25న ద్రౌపదీ ముర్ముతో రాష్ట్రపతిగా ప్రమాణం చేయించారు.

పద్మ పురస్కారాలు జనవరిలో ప్రకటించి నెలల తరువాత, అదీ విడతలుగా ఎందుకు ఇస్తారు?

మరణానంతర పురస్కారాలు, విదేశీయులు, ప్రవాసులకు ఇచ్చేవి మినహాయిస్తే ఏడాదికి 120 వరకు పద్మ పురస్కారాలు ఇవ్వవచ్చు. ప్రతి ఒక్కరి పేరూ పిలిచి, ప్రశంసా వాక్యం చదివి, రాష్ట్రపతి స్వహస్తాలతో పతకం అందించాలి. వృద్ధులూ, చక్రాల కుర్చీలో వచ్చేవారూ ఎక్కువగా ఉండే ఈ వేడుకను తొందరపడి ముగించడం మర్యాద కాదు. అందువల్ల రెండు మూడు విడతలు చేస్తారు. రక్షణ దళాల శౌర్య పతకాలకు వేరే రోజులు కేటాయిస్తారు. భారతరత్నకు ఇంత రద్దీ ఉండదు. 2024 మార్చి 30న పి.వి.నరసింహారావుకు మరణానంతరం ప్రకటించిన భారతరత్నను ఆయన కుమారుడికి రాష్ట్రపతి భవన్‌లో అందించారు.

శిక్షణలో ఉన్న అధికారులను రాష్ట్రపతి అంత తరచుగా కలవడం ఎందుకు?

రాష్ట్రపతి భవన్ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే భేటీల్లో ఇదొకటి. ఐఏఎస్, ఐపీఎస్, రెవెన్యూ, రైల్వే, అటవీ తదితర సర్వీసుల కొత్త బృందాలు వరుసగా వచ్చి కలుస్తుంటాయి. 310వ అధికరణం ప్రకారం అఖిల భారత సర్వీసుల, కేంద్ర సర్వీసుల ఉద్యోగులు రాష్ట్రపతి ఇష్టానుసారం పదవిలో కొనసాగుతారు. వారి నియామక ఉత్తర్వులు రాష్ట్రపతి పేరిట వెలువడతాయి. ఆ పేరు వెనుక ఉన్న మనిషిని ఉద్యోగ జీవితంలో ఒక్కసారైనా చూడటం వారికి మంచిదేనని మా అభిప్రాయం. రాష్ట్రపతి వైపు నుంచి చూస్తే ఒకే ప్రసంగాన్ని కొద్ది మార్పులతో మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది, అది నిజమే.

శనివారం జరిగే గార్డు మార్పిడి చూడటానికి వెళ్తే రాష్ట్రపతి కనిపిస్తారా?

సాధారణంగా కనిపించరు. అది రాష్ట్రపతి అంగరక్షక దళం, భవన్‌లో విధుల్లో ఉండే పదాతిదళ బెటాలియన్ కలిసి నిర్వహించే సైనిక వేడుక. 1773లో ఏర్పడిన ఆ అంగరక్షక దళం మన సైన్యంలోని రెజిమెంట్లలో అత్యంత సీనియర్. 2025 ఫిబ్రవరిలో ఈ వేడుకకు కొత్త రూపం ఇచ్చినప్పుడు తొలి ప్రదర్శనను రాష్ట్రపతి వీక్షించారు. వేళలు ఎండ, చలి కాలాలను బట్టి మారుతుంటాయి.

## ఫైళ్లు, సంతకాలు

కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులన్నీ ‘రాష్ట్రపతి ఆదేశానుసారం’ అని ఉంటాయి. అన్నిటి మీదా రాష్ట్రపతే సంతకం చేస్తారా?

చేయరు, చేయడం మానవమాత్రులకు సాధ్యం కాదు. కేంద్ర కార్యనిర్వాహక చర్యలన్నీ రాష్ట్రపతి పేరిట వెలువడాలని 77వ అధికరణం అంటుంది. వాటిని ధ్రువీకరించి సంతకం చేసే అధికారం నిబంధనల ద్వారా మంత్రిత్వ శాఖల అధికారులకు సంక్రమిస్తుంది. మీ ఊరి పోస్టాఫీసు స్థలం గురించిన ఉత్తర్వులో రాష్ట్రపతి ప్రస్తావన ఉన్నా ఆ కాగితం రాష్ట్రపతి భవన్ గడప తొక్కదు. నిజంగా రాష్ట్రపతి బల్ల మీదికి వచ్చేవి వేరు. పార్లమెంటు ఆమోదించిన బిల్లులు, ఆర్డినెన్సులు, గవర్నర్లు రాష్ట్రపతి పరిశీలనకు పంపిన రాష్ట్ర బిల్లులు, గవర్నర్లు, న్యాయమూర్తులు, ఎన్నికల కమిషనర్లు, కాగ్ (ప్రభుత్వ ఖాతాల ఆడిటర్) వంటి నియామకాలు, క్షమాభిక్ష పిటిషన్లు, రాష్ట్రాల్లో రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణం కింద ప్రకటనలు అందులో ముఖ్యమైనవి. ఫొటోలు, వీడియోలు ఉండవు కాబట్టి వారపు కార్యక్రమాల ప్రకటనలో ఈ పని ఎక్కడా కనబడదు. రాష్ట్రపతి పదవి ఉత్త అలంకారమని తేల్చేసేవారు సాధారణంగా వదిలేసేది ఈ భాగాన్నే.

బిల్లు వచ్చాక ఎన్ని రోజుల్లో సంతకం చేయాలి?

111వ అధికరణంలో గడువు లేదు. ఆమోదించడం, నిలిపివేయడం, ద్రవ్య బిల్లు కాకపోతే పునఃపరిశీలనకు తిప్పి పంపడం అనే మూడు మార్గాలు ఉన్నాయి. తిప్పి పంపిన బిల్లును పార్లమెంటు మళ్లీ ఆమోదిస్తే సంతకం చేయక తప్పదు. రాజ్యాంగ సవరణ బిల్లు అయితే 1971 నాటి 24వ సవరణ తరువాత తిప్పి పంపే వీలు కూడా లేదు.

ఆచరణలో ఎక్కువ బిల్లులు కొద్ది రోజుల్లోనే బయటకు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభ 20న ఆమోదించగా ప్రణబ్ ముఖర్జీ మార్చి 1న ఆమోదముద్ర వేశారు. దీనికి భిన్నంగా, రాజీవ్ గాంధీ హయాంలో వచ్చిన తపాలా సవరణ బిల్లును జైల్ సింగ్ అటు ఆమోదించకుండా, ఇటు తిప్పి పంపకుండా అలాగే ఉంచేశారు. లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం 2006లో తిప్పి పంపారు. పార్లమెంటు మార్పు లేకుండా మళ్లీ ఆమోదించడంతో సంతకం చేశారు. రాష్ట్రాల బిల్లులపై రాష్ట్రపతి మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దానిపై రాష్ట్రపతి, సుప్రీంకోర్టు అభిప్రాయం కోరేందుకు వీలిచ్చే 143వ అధికరణం కింద 14 ప్రశ్నలు పంపారు. న్యాయస్థానాలు అలా గడువులు విధించజాలవని అదే ఏడాది నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది.

అర్ధరాత్రి సంతకాలు నిజంగా జరుగుతాయా?

జరిగాయి. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. కేబినెట్ దాన్ని ఆమోదించింది మరుసటి ఉదయమే. ఆ అనుభవం వల్లే కేబినెట్ లిఖితపూర్వక సలహా ఉంటే తప్ప అత్యవసర పరిస్థితి ప్రకటించరాదని 44వ సవరణ కట్టడి చేసింది. 2019 నవంబరు 23న మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తివేత ఉత్తర్వు తెల్లవారుజామున 5 గంటల 47 నిమిషాలకు వెలువడింది. కేబినెట్ ఆమోదం తరువాత తీసుకునేందుకు వీలిచ్చే ప్రభుత్వ కార్యకలాపాల నిబంధన 12ను అప్పుడు వాడారు. ఇవి అరుదైన సందర్భాలు. కానీ రాష్ట్రపతికి పని గంటలంటూ లేకపోవడానికి ఇలాంటి రాత్రులే కారణం.

క్షమాభిక్ష పిటిషన్‌పై రాష్ట్రపతి సొంతంగా నిర్ణయిస్తారా?

72వ అధికరణం అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చినా, కేంద్ర హోం శాఖ ద్వారా వచ్చే మంత్రిమండలి సలహా మేరకే అది అమలవుతుంది. ఫైలు తెప్పించుకుని చదవడం, అదనపు వివరాలు కోరడం, ఒకసారి తిప్పి పంపడం వరకు రాష్ట్రపతికి స్వేచ్ఛ ఉంటుంది. ఇక్కడ జాప్యం ప్రాణాలతో ముడిపడిన సంగతి. క్షమాభిక్షపై అకారణ జాప్యం జరిగిందన్నది ముఖ్య కారణంగా 2014 జనవరిలో సుప్రీంకోర్టు 15 మంది మరణశిక్షలను యావజ్జీవంగా మార్చింది.

పార్లమెంటు సమావేశాల రోజుల్లో రాష్ట్రపతి పని పెరుగుతుందా?

పెరుగుతుంది. సభలను సమావేశపరిచేదీ, ముగించేదీ రాష్ట్రపతి ఉత్తర్వే. సార్వత్రిక ఎన్నికల తరువాతి మొదటి సమావేశంలోనూ, ప్రతి ఏటా మొదటి సమావేశంలోనూ ఉభయ సభలనుద్దేశించి ప్రసంగించాలని 87వ అధికరణం నిర్దేశిస్తుంది. ఆ ప్రసంగం ప్రభుత్వం రాసి కేబినెట్ ఆమోదించినది. ‘నా ప్రభుత్వం’ అంటూ చదివేది రాష్ట్రపతి అయినా అందులోని మాటకు బాధ్యత మంత్రిమండలిదే. బడ్జెట్ రోజు ఉదయం ఆర్థిక మంత్రి రాష్ట్రపతి భవన్‌కు వచ్చి కలుస్తారు. ఆ సందర్భంలో నిర్మలా సీతారామన్‌కు ముర్ము పెరుగు, పంచదార తినిపించిన చిత్రం అందరూ చూసినదే. సమావేశాలు ముగిసే వారంలో ఆమోదం పొందిన బిల్లులు ఒక్కసారిగా వచ్చిపడతాయి.

## ఢిల్లీ దాటిన రోజులు

రాష్ట్రాల పర్యటనలో ఒక రోజు ఎలా ఉంటుంది?

విమానాశ్రయంలో గవర్నర్, ముఖ్యమంత్రి స్వాగతంతో మొదలై, రెండు మూడు కార్యక్రమాలతో సాగుతుంది. 2022 డిసెంబరు 4న ముర్ము తొలిసారి రాష్ట్రపతి హోదాలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినప్పుడు విజయవాడ దగ్గర పౌర సన్మానం స్వీకరించి, అదే రోజు విశాఖపట్నంలో నౌకాదళ దినోత్సవంలో పాల్గొన్నారు. అదే నెలాఖరున తెలుగు రాష్ట్రాల పర్యటనలో శ్రీశైలం, భద్రాచలం, రామప్ప, యాదాద్రి సందర్శనలు ఉన్నాయి. ఒక ఊరి నుంచి మరో ఊరికి హెలికాప్టర్‌లో వెళ్లినా దిగిన ప్రతి చోటా భద్రత, స్వాగతం, పరిచయాలు తప్పవు. చూసేవారికి అరగంట కార్యక్రమం అనిపించినా దాని చుట్టూ పూట గడిచిపోతుంది.

బొల్లారం నిలయంలో శీతాకాల విడిది అంటే సెలవా?

పేరుకు విడిదే గానీ విశ్రాంతి తక్కువ. సికింద్రాబాద్ బొల్లారంలో 1860లో కట్టిన ఈ ఒంటి అంతస్తు భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ నివాసం. సుమారు 90 ఎకరాల ఆవరణ. స్వాతంత్ర్యం తరువాత నిజాం నుంచి స్వాధీనమై రాష్ట్రపతి సచివాలయానికి చేరింది. రాష్ట్రపతి దక్షిణాదిన కొన్ని రోజులు ఉండి పరిపాలన సాగించాలన్నది ఈ ఆనవాయితీ వెనుక ఉద్దేశం. అందుకే విడిది రోజులు కార్యక్రమాలతో నిండి ఉంటాయి. 2023 డిసెంబరులో ముర్ము పోచంపల్లి వెళ్లి చేనేత కళాకారులతో మాట్లాడారు. 2024 డిసెంబరు 17న మంగళగిరి ఎయిమ్స్ తొలి స్నాతకోత్సవం ముగించుకుని బొల్లారం చేరి, అదే విడిదిలో సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌కు రాష్ట్రపతి పతాకం బహూకరించారు. ఫైళ్లు ఎటూ ఢిల్లీ నుంచి వెంట వస్తాయి. వేసవికి ఇలాంటిదే మరో విడిది సిమ్లా దగ్గర మషోబ్రాలో ఉంది.

మా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవానికి రాష్ట్రపతి రావాలంటే ఏం చేయాలి?

వైస్ చాన్సలర్ ద్వారా రాష్ట్రపతి సచివాలయానికి లిఖితపూర్వక ఆహ్వానం పంపాలి. తేదీని బిగించకుండా రెండు మూడు ప్రత్యామ్నాయాలు సూచించడం మేలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం), ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థలకు రాష్ట్రపతి విజిటర్ హోదాలో ఉంటారు. వైస్ చాన్సలర్ల నియామకం కూడా ఆ హోదాలోనే జరుగుతుంది. అంతమాత్రాన ఏటా వస్తారని కాదు. అదే రాష్ట్రంలో మరో కార్యక్రమం ఉన్నప్పుడు కలిసొచ్చే అవకాశాలు ఎక్కువ.

నౌకాదళ సమీక్ష, యుద్ధ విమానంలో ప్రయాణం వంటివి రాష్ట్రపతి విధులేనా?

త్రివిధ దళాల సర్వోన్నత ఆధిపత్యం 53వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది. సాధారణంగా పదవీకాలంలో ఒకసారి యుద్ధనౌకల సమీక్ష జరుగుతుంది. విశాఖ తీరంలో 2006లో కలాం, 2016లో ప్రణబ్ ముఖర్జీ, 2022లో కోవింద్ ఈ సమీక్ష చేశారు. యుద్ధ విమానం ఎక్కడం మాత్రం విధి కాదు, సైనికులకు దగ్గరగా ఉన్నామని చూపే సంజ్ఞ. ముర్ము 2023 ఏప్రిల్‌లో తేజ్‌పూర్ నుంచి సుఖోయ్‌లో ప్రయాణించారు.

విదేశంలో ఉన్నప్పుడు సంతకం అవసరమైతే?

రాష్ట్రపతి ఎక్కడున్నా రాష్ట్రపతే. కాగితం అక్కడికే వెళ్తుంది. 2005 మే నెలలో కలాం మాస్కోలో ఉండగా బిహార్ శాసనసభ రద్దు సిఫారసు అర్ధరాత్రి దాటాక ఫ్యాక్స్‌లో వెళ్లింది, ఆయన సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తరువాత సుప్రీంకోర్టు తేల్చింది. దూరం అడ్డు కాదని ఆ ఉదంతం చూపింది. అయితే మర్నాడు ఉదయం వరకు ఆగితే వచ్చే నష్టమేమిటన్న ప్రశ్న మాత్రం అప్పటి నుంచీ మిగిలే ఉంది.

## రాష్ట్రపతి లేనప్పుడు

రాష్ట్రపతి అనారోగ్యం పాలైతే పనులన్నీ ఆగిపోతాయా?

ఆగవు. 65వ అధికరణం ప్రకారం ఉపరాష్ట్రపతి ఆ విధులు నిర్వర్తిస్తారు. ఇద్దరూ లేని పరిస్థితి ఒకసారి వచ్చింది. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగా కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఎన్నికల్లో పోటీ చేయడానికి ఆయన జులైలో రాజీనామా చేయడంతో, ఆ ఏడాదే చేసిన చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఆగస్టు 24 వరకు బాధ్యతలు చూశారు. ఆ రోజున గిరి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

ప్రతి రాష్ట్రపతీ జులై 25నే ఎందుకు ప్రమాణం చేస్తారు?

రాజ్యాంగంలో ఆ తేదీ లేదు. 1977 ఫిబ్రవరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణించాక, పోటీ లేకుండా ఎన్నికైన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది జులై 25న ప్రమాణం చేశారు. అప్పటి నుంచి అందరూ పూర్తి అయిదేళ్లూ పదవిలో ఉన్నందున తేదీ మారలేదు. అందుకే అయిదేళ్లకోసారి జులై చివరి వారం వీడ్కోలు సభలతో, కొత్తవారి ప్రమాణంతో నిండిపోతుంది.

## సామాన్య పౌరులకు

మామూలు మనిషి రాష్ట్రపతిని కలవవచ్చా?

కోరవచ్చు. హక్కుగా మాత్రం లభించదు. మీరెవరు, ఎందుకు కలవాలనుకుంటున్నారు, ఎంతమంది వస్తారు అన్న వివరాలతో రాష్ట్రపతి సచివాలయానికి రాతపూర్వకంగా విన్నవించాలి. వ్యక్తులకన్నా బృందాలకు, అంటే గిరిజన సంఘాలు, విద్యార్థులు, చేతివృత్తులవారు వంటివారికి అవకాశం దొరకడం ఎక్కువగా చూస్తుంటాము. భేటీ ఇప్పిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు.

వినతిపత్రం పంపితే రాష్ట్రపతే చదువుతారా?

వచ్చే ప్రతి ఉత్తరాన్నీ స్వయంగా చదవడం కుదరదు. సచివాలయంలోని విభాగం వాటిని చూసి, సంబంధిత మంత్రిత్వ శాఖకో, రాష్ట్ర ప్రభుత్వానికో పంపుతుంది. ఆన్‌లైన్‌లో పంపితే వచ్చే నమోదు సంఖ్యతో అది ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవచ్చు. కోర్టు తీర్పును మార్చమనో, భూ తగాదా తేల్చమనో కోరేవారు చాలామంది ఉంటారు. అవి రాష్ట్రపతి తేల్చగలిగేవి కావు. పింఛను, ఉద్యోగం వంటి కేంద్ర శాఖల విషయాల్లో ఫైలు కదలడానికి ఈ ఉత్తరం కొంత సాయపడవచ్చు. విషయాన్ని ఒక పేజీలో రాసి, ఇంతకుముందు ఎవరికి ఫిర్యాదు చేశారో తేదీలతో జతచేయండి.

రాష్ట్రపతి ఊళ్లో ఉన్న రోజున భవన్ సందర్శన ఆపేస్తారా?

ఆపరు. 340 గదుల ఆ భవనంలో నివాసం, కార్యాలయం వేరు, సందర్శకులు తిరిగే మార్గం వేరు. అయితే విదేశీ అధినేత స్వాగతం, ప్రమాణ స్వీకారం వంటివి ఉన్న రోజున సందర్శన రద్దు కావచ్చు. కాబట్టి రైలు టికెట్టు కొనే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో స్లాట్ చూసుకోండి. సోమవారాలు సాధారణంగా సెలవు. భవన్ ఆవరణలోని తోట అమృత్ ఉద్యాన్ ప్రధానంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెరిచి ఉంటుంది. ఢిల్లీ వెళ్లలేని తెలుగువారికి బొల్లారం నిలయం ఉంది. ఒకప్పుడు ఏడాదిలో కొద్ది రోజులే తెరిచే ఆ ఆవరణను 2023 మార్చి 22న, ఉగాది రోజున, ఏడాది పొడవునా సందర్శనకు తెరిచారు. రాష్ట్రపతి విడిదిలో ఉండే రోజుల్లో మాత్రం అక్కడ ప్రవేశం ఉండదు.